బూడిదరంగు అంగీ

మా పెద్దొదినకి ఓర్వలేనితనం ఉంది. ఈ మాట నేను చాటుగా అనడం లేదు, ఆమె మొహం మీదే చాలాసార్లు అన్నాను. "ఉంటే ఉంది, మధ్యలో నీ సొమ్మేం పోయింది?" అంటుంది. ఆడపడుచుని కాబట్టి ఇంట్లో ఎవరు ఏడ్చినా, ఎవరు నవ్వినా నా సొమ్మేదో పోయినట్టే ఉంటుంది నాకు.

ముందు ఆమె పని సంగతి చెప్పాలి. బట్టల కంపెనీలకి ప్రకటనలు తయారుచేసే చిన్న ఆఫీసు మాది. బొమ్మ కింద వచ్చే మాటలు నేను రాస్తాను. పెద్దొదిన రంగులు చూస్తుంది. ఫొటోలో చొక్కా ఒక రంగులో ఉంటుంది, కంప్యూటర్లో ఇంకో రంగులో కనిపిస్తుంది, కాగితం మీద అచ్చయ్యేసరికి మూడో రంగుకి తిరుగుతుంది. ఈ మూడింటినీ చెవి పట్టుకుని లాక్కొచ్చి, కొట్లో వేలాడే అసలు చొక్కా పక్కన నిలబెట్టడం ఆమె ఉద్యోగం. ఆ పని సరిగ్గా జరిగితే ఎవరికీ ఏమీ తెలియదు. జరక్కపోతే మాత్రం ఊరంతటికీ తెలుస్తుంది.

ఆమె గది మిగతా ఆఫీసులా ఉండదు. గోడలు బూడిదరంగు, బల్ల బూడిదరంగు, కుర్చీకి చుట్టిన గుడ్డ కూడా బూడిదరంగే. కిటికీకి మందపాటి తెర, బల్ల మీద వంగి చూసే ఒక తెల్ల దీపం. పక్కన వేరే రంగు ఉంటే కన్ను మోసపోతుందని, ఒంటి మీది బట్ట రంగు కూడా వెలుతురుతోపాటు వెళ్ళి కాగితం మీద వాలుతుందని ఆమె చెబుతుంది. అది నిజమే. అందుకే తలుపు వెనక మేకుకి ఒక బూడిదరంగు అంగీ వేలాడుతుంటుంది. దాన్ని తొడుక్కుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని కానీ కుర్చీలో కూర్చోదు. రంగు చొక్కాతో వచ్చినవాళ్ళని గుమ్మంలోనే ఆపేస్తుంది. ఆఫీసు యజమానిని మేమంతా పెద్దాయన అంటాం, ఆయన్ని కూడా వదల్లేదు. "ఆ నారింజ చొక్కాతో నా కాగితం మీదికి వంగకండి" అంటే, పాపం ఆయన చేతులు వెనక్కి కట్టుకుని బయటి నుంచే మాట్లాడి వెళ్ళాడు.

ఆ గదిలోనే ఆమె నాకు స్నేహితురాలైంది. మా పెద్దన్నయ్యకి చూపించిందీ నేనే. పెళ్ళయ్యాక ఇంట్లో కూడా బూడిదరంగు బట్టలే మొదలుపెట్టింది. రోజూ అంగీ మార్చుకునే శ్రమ తప్పుతుందట. అమ్మ కొన్నాళ్ళు సణిగింది. తర్వాత అదే అలవాటైపోయి, పెద్ద కోడలు గదిలో ఉందో లేదో కూడా చూసుకోకుండా దీపం ఆర్పేసి వెళ్ళిపోయేది.

అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత చిన్నొదిన వచ్చింది.

మా చిన్నన్నయ్య చేసుకున్న ఈ అమ్మాయి కూడా బొమ్మల చదువే చదివింది. ఉద్యోగం దొరక్క ఇంట్లో కూర్చుంటే, పెద్దాయనతో మాట్లాడి మా ఆఫీసులో పెట్టించింది ఎవరనుకున్నారు? పెద్దొదినే. ఈ సంగతి ఆమె ఎప్పటికీ మర్చిపోలేదు, మమ్మల్నీ మర్చిపోనివ్వలేదు. ఒకే ఇంటి నుంచి ఒకే బస్సులో ముగ్గురం దిగుతుంటే ఆఫీసులో వాళ్ళు "అదిగో, కుటుంబ సమేతంగా వేంచేశారు" అని ఏడిపించేవాళ్ళు.

చిన్నొదిన పని కూర్పు. అంటే దారిన పోయేవాడి కన్ను బొమ్మలో మొదట దేని మీద పడాలి, అక్కణ్ణుంచి ఎటు జారాలి, చివరికి కంపెనీ పేరు దగ్గర ఎలా ఆగాలి అని చూసుకోవడం. చెయ్యి మంచిది. మనిషి కూడా అలాంటిదే. ఒకరోజు చిలకాకుపచ్చ, ఒకరోజు మందారం ఎరుపు, ఇంకోరోజు నెమలినీలం. తలుపు తీసుకుని వస్తే చాలు, తలలన్నీ అటు తిరిగేవి. ఇంటికి చుట్టాలొస్తే ముందు ఆమెతో కబుర్లన్నీ అయ్యాక, పక్కనే కూర్చున్న పెద్దొదిన వైపు తిరిగి "అరె, నువ్వూ ఇక్కడే ఉన్నావా!" అనేవాళ్ళు.

"రంగులు వేసుకుంటే ఎవరైనా కనిపిస్తారు. అందులో గొప్పేముంది?" అని నా దగ్గర ఉడుక్కునేది పెద్దొదిన.

"నువ్వూ వేసుకో, ఎవరు వద్దన్నారు?"

"నా పని ఎవరు చేస్తారు, నువ్వా?"

ఆమె బాధ నాకు తెలియక కాదు. పోస్టర్ బాగుందంటే చిన్నదాని కూర్పు బాగున్నట్టు, రంగు తేడా వచ్చిందంటే పెద్దొదిన నిద్రపోయినట్టు. ఇలా ఉంటే ఎవరికి మాత్రం కడుపు మండదు?

ఒక్క విషయంలో మాత్రం తోడికోడళ్ళిద్దరూ ఒక్కటయ్యేవారు. ఏ పోస్టర్ తయారైనా దాని నమూనా ముందు మా ఇంటికి వచ్చేది. అమ్మ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంటే, కళ్ళజోడు తీయించి, నమూనాని ఆమె ముందు రెప్పపాటు చూపించి వెనక్కి తిప్పేసేవాళ్ళు. "ఏం కనిపించింది అత్తయ్యా?" అని అడిగేవాళ్ళు. రోడ్డు మీద పోయేవాడు కూడా అంతసేపే చూస్తాడు కదా. అమ్మ మొదట ఏది చెబితే చూపు అక్కడ పడుతున్నట్టు. అమ్మ ఒకసారి చెప్పుల ప్రకటనలో చెప్పులు వదిలేసి కుక్కపిల్ల అంది, రెండోరోజుకి కుక్కపిల్ల ఎగిరిపోయింది. ఈ పరీక్ష కనిపెట్టింది పెద్దొదిన. ఆఫీసులో పేరొచ్చింది మాత్రం చిన్నొదినకి.

అప్పుడొచ్చింది కోట్ల కంపెనీ. చలికోట్లు కుట్టించి అమ్మే ఒకావిడ తన ప్రకటనలన్నీ మాకే ఇస్తానంది. ఆ పనంతా చూసుకోవడానికి ఆఫీసులో ఒక విభాగం పెట్టి, దానికి ఒక పెద్దని వేస్తానన్నాడు మా పెద్దాయన. "మొదటి హోర్డింగు పైకెక్కనివ్వండి. జనం ఏమంటారో చూసి ఎవరో చెప్తాను" అన్నాడు. పెద్దొదిన ఆ కుర్చీ తనదే అనుకుంది. ఆఫీసులో ఆమెకంటే పాతవాళ్ళు పెద్దాయన, ఆయన బల్ల మాత్రమే. కానీ అందరి నోటా చిన్నదాని పేరే నలుగుతోంది. అది విన్న రోజు మా పెద్దొదిన ఇంటికొచ్చి, అప్పటికే తోమిన గిన్నెలన్నీ మళ్ళీ తోమింది.

చిన్నొదిన ఊహ మంచిదే. కాలిబాట నిండా బూడిదరంగు బట్టల్లో జనం, వాళ్ళ మధ్య నుంచి పసుపు కోటు వేసుకున్న ఒక అమ్మాయి నడిచొస్తుంది. అంతే. ఫొటో తీసేరోజు రంగు చూసుకోవడానికి పెద్దొదిన, సరదా చూడ్డానికి నేను వెళ్ళాం. తీరా అక్కడ జనంలో నిలబడాల్సిన ఒకామె రాలేదు. ఫొటోగ్రాఫరు చుట్టూ చూసి, బూడిదరంగు బట్టల్లో ఉన్న పెద్దొదిన దగ్గర ఆగాడు.

"మేడం, మీరు రెడీగానే ఉన్నారు కదా. ఆ వెనక కాస్త నిలబడండి."

అందరూ ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. పెద్దొదిన మూతి ముడుచుకుని వెళ్ళి జనంలో నిలబడింది. ఫొటోలు తీస్తుండగా, కోట్ల కంపెనీ ఆవిడ చిన్నొదిన భుజం మీద చెయ్యేసి "ఏం కళ్ళమ్మా నీవి! మా కోటుకి ప్రాణం పోశావు" అంది గట్టిగా. వాళ్ళిద్దరూ నిలబడింది బొమ్మలో పడని చోట, పసుపు కోటు అమ్మాయికి కాస్త అవతల. పెద్దొదిన తల తిప్పి అటు చూసింది. సరిగ్గా అప్పుడే కెమెరా క్లిక్కుమంది.

తర్వాత ఫొటోలన్నీ ముందేసుకుని చిన్నొదిన ఏరింది ఆ ఒక్కటే. అందులో జనమంతా నేల చూపులు చూస్తుంటే, ఒక్క బూడిదరంగు ఆవిడ మాత్రం మెడ తిప్పి పసుపు కోటు వైపు చూస్తోంది. మామూలు చూపు కాదు. ఆ కోటు తనకెందుకు లేదని ప్రపంచాన్ని నిలదీస్తున్న చూపు.

"చూపుని చూపే లాగుతుందక్కా. ఒకరు తేరిపార చూస్తుంటే మనమూ అటే చూస్తాం కదా. నీ చూపు లేకపోతే ఈ బొమ్మలో ఏమీ లేదు" అంది చిన్నొదిన.

పెద్దొదిన తన మొహం తనే చూసుకుంది. ఆ చూపు అసలు ఎవరి మీద పడిందో మా ముగ్గురికీ తెలుసు. చిన్నొదిన కావాలనే ఏరిందా, బొమ్మ బాగుందని ఏరిందా అని నేను అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పేది, అది నేను నమ్మాల్సి వచ్చేది.

"అంటే నేను గుంపులో మనిషిని, నువ్వు కోటువి" అంది పెద్దొదిన.

"అయ్యో, కోటు వేసుకుంది మోడల్ కదక్కా!"

"నాకు తెలుసులే."

ఆ సాయంత్రం బస్సు మధ్యలోనే దిగిపోయి, సంచీతో ఇంటికొచ్చింది. సంచీలో ఎర్ర స్వెటర్. అలాంటిలాంటి ఎరుపు కాదు, పండు మిరపకాయ ఎరుపు. రంగు నమూనా చూడ్డానికి కంపెనీ ఆవిడ ఆఫీసుకి వచ్చేరోజు పొద్దున అదే వేసుకుని గదిలోంచి బయటికొచ్చింది. అమ్మ చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. "ఎవరే ఈ అమ్మాయి!" అంది. పెద్దొదిన మొహం వెలిగిపోయింది. నిజం చెప్పొద్దూ, ఎంత బాగుందో.

ఆఫీసులో ఆమెకి ఆరోజు కాళ్ళు నేల మీద ఆనలేదు. తలలన్నీ ఆమె వైపే తిరిగాయి. పెద్దాయన "భలే ఉందమ్మా" అన్నాడు. ఆ ఊపులోనే తన గదిలోకి వెళ్ళింది. తలుపు వెనక అంగీ అలాగే వేలాడుతోంది. దాన్ని ముట్టుకోలేదు. దీపం వేసి, నమూనా మీదికి వంగింది.

చిన్నొదిన గుమ్మంలో నిలబడి "అక్కా, ఆ ఎరుపు…" అంది.

"ఏం, ఎరుపైతే? రంగులన్నీ నీకే రాసిచ్చారా? ఒక్కరోజు నేను వేసుకుంటే కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నావే!"

ఆ మాట ఎవరు ఎవరిని అంటున్నారో చూడండి. చిన్నొదిన మొహం మాడిపోయింది. గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయింది. ఆ గదిలోకి ఎవరు రంగు చొక్కాతో వచ్చినా మెడ పట్టి గెంటే మనిషికి, ఆరోజు తన ఒంటి మీద ఏముందో తట్టలేదు. అసూయ పడితే కళ్ళు కనపడవంటారు కదా, ఈమెకి కనపడ్డాయి, కానీ ఎర్రగా.

దీపం కింద పసుపు కోటు నారింజకి తిరిగినట్టు తోచింది. ఎరుపు తగ్గించి ఇంకో నమూనా తీయించింది. దాని మీదికీ వంగింది. స్వెటర్ ఆమెతోపాటే వంగింది. ఇంకా ఎర్రగానే ఉందనిపించి మళ్ళీ తగ్గించింది. అలా తగ్గిస్తూ, తగ్గిస్తూ, చివరికి తృప్తిగా ఊపిరి పీల్చుకుని, ఆ నమూనాని పెద్ద హాల్లోకి పంపించి గోడకి పెట్టించింది.

హాల్లో కంపెనీ ఆవిడ, పెద్దాయన, మేమంతా ఉన్నాం. పెద్దొదిన అందరికంటే చివర వచ్చింది. "అబ్బ, ఎంత మంచి ఎరుపు!" అంది కంపెనీ ఆవిడ, ఆమెనే చూస్తూ. ఆ తర్వాత తిరిగి గోడ వైపు చూసింది. తను తెచ్చిన అసలు కోటుని నమూనా పక్కన పట్టుకుంది. అసలు కోటు ఆవపువ్వులా ఉంది. బొమ్మలో కోటు పాచి పట్టింది. జనమంతా ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చి నిలబడ్డట్టున్నారు.

"ఈ రంగు ఎవరు చూశారు?" అన్నాడు పెద్దాయన, చూసిందెవరో తెలిసి కూడా.

పెద్దొదిన ముందుకొచ్చింది. "బాగానే ఉందే. నాకు పసుపుగానే కనిపిస్తోంది" అంటూ కాగితం మీదికి వంగింది. మొండితనం కాదు, ఆమెకి నిజంగా అలాగే కనిపించింది. ఆ ఎర్ర స్వెటర్‌తో ఇంత దగ్గరగా వంగితే కనిపించకేం చేస్తుంది?

చిన్నొదిన హాల్లోంచి చరచరా వెళ్ళి, అంగీ పట్టుకొచ్చింది. అందరి ముందూ వెనక నుంచి పెద్దొదినకి తొడిగి, ముందుకొచ్చి మెడ దాకా ఒక్కో గుండీ పెట్టింది. చంటిపిల్లలకి కూడా ఎవరూ అంత నింపాదిగా గుండీలు పెట్టరు.

"ఇప్పుడు చూడక్కా."

చూసింది. ఆ క్షణంలో ఆమె మొహం నేను చూడకుండా ఉండాల్సింది. తల కొట్టేసినట్టయింది పాపం.

"తప్పు నాదే. కాసేపు ఆగండి" అంది. గదిలోకి వెళ్ళి, తీసిన ఎరుపంతా తిరిగి పోసి, కొత్త నమూనా పట్టుకొచ్చింది. అసలు కోటు పక్కన పెడితే ఏది గుడ్డో ఏది కాగితమో తెలియలేదు. కంపెనీ ఆవిడ తృప్తిగా తల ఊపి వెళ్ళిపోయింది. ఎవరైనా నాలుగు తిట్లు తిట్టి ఉంటే పెద్దొదిన బతికిపోయేది. ఆ గుండీలు పెట్టిన వేళ్ళని మాత్రం ఆమె క్షమించలేకపోయింది. దారంతా బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ, "నా మెడకి అది గుండీ పెట్టడమేమిటి?" అని ఒక్కటే మాట గొణిగింది.

మర్నాడు అచ్చుకి పంపాలి. ఆ సాయంత్రం చిన్నొదిన, చిన్నన్నయ్య ఎవరింటికో వెళ్ళారు. పెద్దొదిన కొత్త నమూనాని బల్ల మీదికి తెచ్చి, అమ్మ కళ్ళజోడు తీసింది. రెప్పపాటు చూపించి తిప్పేసింది.

"ఏం కనిపించింది అత్తయ్యా?"

"ఎవరో ఒకావిడ. బూడిదరంగు బట్టల్లో. ఎవర్ని చూసో కుళ్ళి చచ్చిపోతోంది" అంది అమ్మ.

"మరి కోటు?"

"ఏం కోటు?"

పెద్దొదిన పెదవుల మీద నవ్వొచ్చింది. ఆపుకోలేని నవ్వు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి మా అమ్మకి ముందు కనిపించింది ఆమే. ఆ నవ్వు వెనకాలే ఇంకొకటి కూడా వచ్చింది, అదీ నేను చూశాను. ఈ బొమ్మ ఇలాగే పైకెక్కితే కోటు ఎవరి కంటా పడదు. కోటు కనపడకపోతే ఆ మాట రంగుకి రాదు, కూర్పుకి వస్తుంది. కుర్చీ చిన్నదానికి రాదు.

"నువ్వేం వినలేదు" అంది నాతో, నమూనా చుట్టేస్తూ.

"వదినా, ఇది అన్యాయం."

"నువ్వేం వినలేదన్నానా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. చిన్నొదినకి చెప్పేద్దామని గుమ్మం దగ్గరే కూర్చున్నాను. ఆమె నవ్వుతూ తుళ్ళుతూ వచ్చి, "అత్తయ్య ఏమన్నారు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా లోపల్నుంచి పెద్దొదిన, "రేపు చెప్తాలే, అలసిపోయాం" అంది. ఆఫీసులో మాటలు రాస్తాను, ఇంట్లో మింగుతాను. ఆరోజూ మింగాను.

పొద్దున్నే చూస్తే పెద్దొదిన ఇంట్లో లేదు. ముందు బస్సుకే వెళ్ళిపోయిందట. ఇంక లాభం లేదని నేనూ పరుగెత్తాను. గది తలుపు తోసేసరికి అంగీ మెడ దాకా గుండీలు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. తెర నిండా ఆమె మొహమే. ఆ పాచి రంగు పోయాక బూడిదరంగుల మధ్య ఆ చర్మం రంగు తేటపడి పైకి లేచిందట. దాన్ని కొంచెం కొంచెంగా కిందికి దించుతోంది. నుదుటి మీది వెలుగు తీసేసింది. చెంప మీది రంగు తీసేసింది. కళ్ళు మాత్రం ముట్టుకోలేదు.

"చిన్నొదిన కోసమా?" అన్నాను, కళ్ళు చెమర్చబోతుంటే.

"దాని మొహం. దాని కూర్పు తగలడిపోనీ, నాకేంటి? ఆ పసుపు నాది. అంత కష్టపడి తెచ్చిన పసుపుని వదిలేసి, వెనకాల నిలబడ్డ ఎవరి మొహాన్నో చూస్తారా? నేను ఊరుకుంటానా?"

"ఆ మొహం నీదే వదినా."

"ఎవరిదైతేనేం?"

నా వైపు తిరగను కూడా లేదు. ఇంకాస్త దించింది.

హోర్డింగు పైకెక్కింది. ఊరంతా ఆ పసుపు గురించే చెప్పుకున్నారు. అంటే, చిన్నొదిన గురించి చెప్పుకున్నారు. కుర్చీ ఆమెకే ఇచ్చాడు పెద్దాయన. ఇంట్లో అందరం అభినందించాం. పెద్దొదిన కూడా ఆమె చెయ్యి పట్టుకుని "సంతోషం" అంది. తర్వాత వంటగదిలోకి వచ్చి, నాతో "కడుపు భగ్గుమంటోందే" అంది. తోమిన గిన్నెలన్నీ నేనే ఆమె ముందు పెట్టాను.

హోర్డింగు చూడ్డానికి మరో సాయంత్రం నలుగురం ఆడవాళ్ళం వెళ్ళాం. అమ్మ, చిన్నొదిన కాసేపు చూసి, కాళ్ళు నొప్పులని బస్టాపు వైపు నడిచారు. పెద్దొదిన మాత్రం ఎదుటి కాలిబాట మీద దీపస్తంభానికి ఆనుకుని అలాగే నిలబడింది. బొమ్మని చూడ్డం లేదు. వచ్చేపోయేవాళ్ళ కళ్ళని చూస్తోంది. తల ఎత్తిన ప్రతి మనిషి చూపూ ముందు పసుపు కోటు మీద వాలుతోంది.

"పద వదినా, బస్సొస్తోంది."

"ఉండవే. ఒక్కరైనా ముందు నన్ను చూస్తారేమో."

బస్సు వెళ్ళిపోయేదాకా నిలబడ్డాం. ఒక్కరూ చూడలేదు. ఆమె పని అంత బాగా చేసింది.